చెప్పని బుట్ట

కంచె దాటి వచ్చినవాడు ఇంటి తలుపు కొట్టలేదు.

నేరుగా తేనెటీగలు కాపురముండే గడ్డిబుట్టల దగ్గరకు పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

రొట్టెలకు పిండి పిసుకుతున్న సేవారా గుమ్మంలోంచి చూసింది. ఎత్తు మనిషి. నున్నగా దువ్విన పొడుగు జుట్టు. సముద్రం మీద వచ్చి ఊళ్ళు దోచే ఓడవాళ్ళ అంగీ.

ఆ అంగీ చూడగానే ఆమె వేళ్ళు పిండిలోనే ఆగిపోయాయి.

వాడు మొదటి బుట్టను వేలి కణుపుతో మెల్లగా తట్టాడు. గడ్డి అల్లికకు నోరు ఆనించి ఏదో గొణిగాడు. బుట్ట వెనక్కి చేయి పోనిచ్చి ఏదో చేశాడు. తర్వాత పక్క బుట్ట దగ్గరకు జరిగాడు.

"ఎవడ్రా నువ్వు?"

వాడు తిరిగి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"ముందు... వీటికి," అన్నాడు బుట్టలు చూపించి. మాట వంకర. యాస ఓడవాళ్ళది. "తర్వాత... నీకు."

"నాకు నువ్వు చెప్పేదేంట్రా? లే అక్కణ్ణించి!"

వాడు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. ఇంకో బుట్ట తట్టాడు.

పక్కింటి లుల్లా కంచె మీంచి తల పెట్టింది.

"ఒసే సేవారా, అట్టా గుడ్లప్పగించి చూస్తావేమే! మంత్రమేసి తేనెటీగల్ని లాక్కుపోతన్నాడు. మొగుణ్ణి ఎత్తుకుపోయింది చాలక మళ్ళీ దిగబడ్డారు!"

సేవారా పిండి వదిలేసి లేచింది.

అవి ఆమె భర్త టిడ్‌వుల్ఫ్ అల్లిన బుట్టలు. ఏళ్ళ కిందట, కొడుకు ఓస్లాక్‌ను వెంటబెట్టుకుని రేవులో రెల్లు కోయడానికి పోయినవాణ్ణి ఓడవాళ్ళు పట్టుకుపోయారు. పిల్లాడి చెప్పు ఒకటి నీళ్ళలో తేలుతూ దొరికింది. మునిగిపోయాడన్నారు. చర్చిలో వాడి కోసం ప్రార్థన చేశారు.

టిడ్‌వుల్ఫ్ కోసం మాత్రం సేవారా చేయనివ్వలేదు.

"యజమాని చనిపోయిన మాట ఈగలకు చెప్పకపోతే, అవి ఇల్లు వదిలిపోతాయి," అనేది ఎవరడిగినా. "నా బుట్టలు నిండుగా ఉన్నాయి. మా ఆయన బతికే ఉన్నాడు."

మళ్ళీ పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకూ అదే జవాబు. ఆ బుట్టల రొద వినపడితే గానీ ఆమెకు నిద్ర పట్టేది కాదు.

ఇప్పుడు వాడు చివరి బుట్ట ముందుకు జరిగాడు.

సేవారా ఒక్క ఉదుటున బయటికి ఉరికింది. కాలి కింది మట్టి కుడిచేత్తో గుప్పెడు తీసి, మాయ విరిచే మంత్రం అందుకుంది.

"మట్టిని మించిన బలం లేదు! కుళ్ళు కళ్ళలో మట్టి! మాయదారి నాలుక మీద మట్టి!"

విసిరికొట్టింది. అప్పుడే తెరిచిన వాడి నోట్లో పడింది.

వాడు దగ్గాడు. ఉమ్మాడు. కళ్ళు నులుముకున్నాడు. ఇంత జరిగినా ఒక్క ఈగైనా వాణ్ణి కుట్టలేదన్న సంగతి ఆమెకు తోచలేదు.

"నేను..." అన్నాడు. తట్టని బుట్ట వైపు చూశాడు. మాట మింగేశాడు.

లుల్లా గడ్డి ఎగదోసే పంగలకర్ర పట్టుకుని వచ్చేసింది. "పోతావా, పొడవమంటావా?"

వాడు వాగు దారి పట్టాడు. రెండడుగులకోసారి ఆగి వెనక్కి చూశాడు.

"పొగరు చూడవే వాడికి! మళ్ళీ తిరిగి చూస్తన్నాడు," అంది లుల్లా. వాగు రేవు దాకా తరిమిగానీ ఊరుకోలేదు.

మధ్యాహ్నానికి చివరి బుట్ట హోరెత్తింది. ఈగలు పొగలా పైకి లేచాయి.

సేవారా మట్టి చల్లుతూ వాటి కింద పరిగెత్తింది.

"ఆడపడుచుల్లారా, దిగండమ్మా! పుట్టింటిని మరిచిపోతారా? అడవిలో మీకెవరున్నారమ్మా?"

ఎప్పుడు లేచినా ఆ పాటకు ఆపిల్ కొమ్మ మీద వాలేవి. ఇవాళ వాలలేదు. ఇంటి మీద ఒక చుట్టు తిరిగి, అడవి వైపు సాగిపోయాయి.

"చేయాల్సింది చేసే పోయాడు చచ్చినోడు," అంది లుల్లా.

సేవారా ఖాళీ బుట్ట ముందు కూలబడింది. మిగతా బుట్టల వంక చూసింది.

"అత్తా, ఇదొక్కటే పోయిందేం?"

"ఏందే?"

"వాడు నోరు పెట్టినవన్నీ నిమ్మళంగా ఉన్నాయి. పోయింది వాడు ముట్టనిదే."

లుల్లా ఖాళీ బుట్టలోకి తొంగి చూసింది.

సేవారా లేచి బుట్టల వెనక్కి వెళ్ళింది. ఒక్కో బుట్ట కొప్పుకు ఒక్కో పీలిక. బురదలో ముంచి నల్లబరిచిన పీలిక.

చివరి బుట్టకు లేదు.

లుల్లా వెనకే వచ్చి చూసింది. చేతిలో కర్ర జారిపోయింది.

"మా ఆయన పోయిన రోజున మా పెద్దోడు ఇట్టాగే కట్టాడు," అంది మెల్లగా. "బుట్టలన్నిటికీ చెప్పి, అప్పుడొచ్చి నాకు చెప్పాడు. ముందు మనుషుల చెవిన పడితే ఈగలు అలుగుతాయంట గదా."

"ఇంకెవరైనా చెప్పొచ్చా అత్తా?"

"ఇంకెవరు చెప్తే వింటాయే? ఆ ఇంటి నెత్తురే చెప్పాల."

"ఆయనకు అన్నదమ్ములు లేరు కదా!"

లుల్లా తల దించుకుంది.

"వాడు పడవెక్కే ముందు మొహం కడుక్కుని శానాసేపు రేవులో కూర్చున్నాడే. చేతిలో ఇట్టాంటి పీలికే ఇంకోటి ఉంది. నేను రాయి తీసుకుంటే గానీ కదల్లేదు."

సేవారా బొటనవేలు తడి చేసుకుని పీలిక మీది బురద రుద్దింది.

కింద ఎర్రదారం. దాని మీద నీలంతో పిట్టకాలి గుర్తులు. తన మగ్గం మీద తాను నేసినదే.

టిడ్‌వుల్ఫ్ నడికట్టు అరచేయంత వెడల్పు. ఇది బొటనవేలంత కూడా లేదు.

పాలపళ్ళు ఊడుతున్న ఓస్లాక్ నడుముకు, రేవుకు బయల్దేరే ముందు, జారిపోకుండా రెండు ముళ్ళు వేసి ఆమే కట్టిన పట్టీ అది.