ముందు దించడం నేర్చుకో

మూడోసారి కూడా బండి లేవలేదు.

మూడు వందల కిలోల నాలుగు చక్రాల బైకు అది. కొండల మీద గొర్రెల వెంట తిరగడానికి, కంచె కర్రలు మోయడానికి చేసిన మొండి బండి. దాని ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపి నడపాలని బ్రయర్ పట్టుదల.

న్యూజిలాండ్ దక్షిణపు కొండల్లోని ఆ గొర్రెల క్షేత్రంలో కాపర్లందరికీ ఆ విద్య వచ్చు. రానిది కొత్తగా చేరిన బ్రయర్‌కు ఒక్కదానికే.

"నీకంటే మా కుక్క నయం. బిస్కెట్టు చూపిస్తే ముందు కాళ్లు లేపుతుంది!" అన్నాడు లాక్లన్.

మిగతా కాపర్లు పగలబడి నవ్వి, ఎవరి బండి వాళ్లు ఎక్కి వెళ్లిపోయారు.

"చేతి బొటనవేలితో యాక్సిలరేటర్ నొక్కినంత మాత్రాన లేవదమ్మాయ్. నడుం వెనక్కి జార్చు!"

గేటు వైపు నుంచి వచ్చింది ఆ గొంతు. పోస్టు వ్యాను నడిపే నోలీన్. అరవై దాటిన మనిషి. రోజూ పదకొండింటికి వచ్చి డబ్బాలో ఉత్తరాలు వేసి పోతుంది.

"మీకేం తెలుసు?" విసుక్కుంది బ్రయర్.

"నీ వయసులో నేను ఇలాంటి బండిని వెనక చక్రాల మీద గేటు నుంచి ఆ షెడ్డు దాకా నడిపేదాన్ని."

బ్రయర్ ఆమెను ఎగాదిగా చూసింది. అల్లిన టోపీ, లావు కళ్లద్దాలు.

"నిజంగానా?"

"మరి? అయితే లేపడం ఎవరైనా లేపుతారు. ముందు దించడం నేర్చుకో. కుడికాలు బ్రేకు మీద పెట్టు. చక్రాలు జానెడు లేవగానే బొటనవేలు వదిలెయ్, బ్రేకు నొక్కు."

బ్రయర్ నొక్కింది. బండి ముందు భాగం దభీమని దిగింది.

"మళ్లీ."

"ఎన్నిసార్లు?"

"నిన్ను అడక్కుండానే నీ కాలు ఆ పని చేసేదాకా."

అలా మూడు వారాలు. రోజూ పావుగంట. అవతలి క్షేత్రాల వాళ్లు ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయని సణిగినా నోలీన్ కదిలేది కాదు. బ్రయర్ కాలు ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే చాలు, "చచ్చావ్!" అని అరిచేది. ఆ మాటంటే బ్రయర్‌కు ఒళ్లు మండేది.

ఒకరోజు లాక్లన్ బృందం ఆ సమయానికే వచ్చింది.

"ఇంకా జానెడేనా? మంచి గురువే దొరికిందిలే!"

బ్రయర్‌కు తల కొట్టేసినట్టయింది.

"నోలీన్, మీరొకసారి ఎక్కి చూపించండి. వీళ్ల నోళ్లు మూతపడతాయి."

నోలీన్ ముఖం పాలిపోయింది. బండి దగ్గరికి వచ్చింది. హ్యాండిల్ మీద చెయ్యి వేసి, కాలినట్టు వెనక్కి తీసుకుంది.

"ఇవాళ... ఆలస్యమైంది. ఇంకా పంచాల్సినవి చాలా ఉన్నాయి."

"ఒక్క నిమిషం పని. ఎక్కండి!"

నోలీన్ వ్యాను వైపు తిరిగింది. లాక్లన్ కిసుక్కున నవ్వాడు.

"అబద్ధాలన్నమాట!" బ్రయర్ గొంతు పెంచింది. "ఇన్నాళ్లూ నన్ను వెర్రిదాన్ని చేశారా? మీ ఉత్తరాలు మీరు పంచుకోండి. నాకు పాఠాలొద్దు."

నోలీన్ తలొంచుకుని వ్యాను ఎక్కింది. కిటికీలోంచి మాత్రం, "బ్రేకు మరిచిపోకు తల్లీ" అంది.

ఆ తర్వాత ఆమె ఆగలేదు. ఉత్తరాలు వేసి, చెయ్యి ఊపి వెళ్లేది. బ్రయర్ చూడనట్టే ఉండేది.

పది రోజుల్లో బ్రయర్‌కు విద్య పట్టుబడింది. లాక్లన్ ఈల వేశాడు. ఆ రోజు గేటు వైపు చూసింది గానీ, అప్పటికి వ్యాను వెళ్లిపోయింది.

మరుసటి వారమంతా పైకొండల్లో ముళ్లపొదల మీద మందు కొట్టే పని, మకాం కూడా అక్కడే. బండి వెనక మందు నీళ్ల ట్యాంకు. ఆఖరి రోజున నిట్టనిలువు ఎక్కుడు మీద ఒక దిబ్బ తగిలింది. ట్యాంకులో నీళ్లన్నీ ఒక్కసారిగా వెనక్కి పోయాయి. ముందు చక్రాలు లేచాయి. హ్యాండిల్ రొమ్ముకు తగిలింది. కళ్ల ముందు ఆకాశం తప్ప ఏమీ లేదు.

ఆలోచన రాకముందే బొటనవేలు వదిలింది. కుడికాలు నొక్కింది.

చక్రాలు నేల మీద పడ్డాయి.

బండి ఆపి దిగి, గడ్డి పట్టుకుని కూలబడింది. ముచ్చెమటలు పోశాయి.

ఆ సాయంత్రం కిందికి దిగివచ్చి అల్లం కేకు చేసింది. మర్నాడు పదిన్నరకే గేటు దగ్గర నిలబడింది. 'క్షమించండి' అన్న మాటను నాలుగు రకాలుగా అనుకుని చూసుకుంది.

వ్యాను వచ్చింది. లోపల ఎవరో బక్కపలచని ముసలాయన.

"నోలీన్ లేరా?"

"లేదమ్మా. మంగళవారం పొద్దున టీ కలుపుతూ పడిపోయింది. గుండె ఆగింది. నిన్ననే సాగనంపాం." ఉత్తరాల కట్ట అందించాడు. "నేను ఆమె భర్తను, ఎర్రోల్‌ను. కొత్త మనిషి దొరికేదాకా నేనే తిప్పుతానన్నాను. నువ్వు బ్రయర్‌వి కదూ? రోజూ నీ కబుర్లే చెప్పేది."

బ్రయర్ చేతుల్లో కేకు అలాగే ఉండిపోయింది.

"నిన్న కొండ మీద నన్ను బతికించింది ఆవిడ నేర్పిన బ్రేకే." కేకును వ్యాను కిటికీ అంచున పెట్టింది. "నేను నమ్మలేదు. నానా మాటలూ అన్నాను. చిన్నప్పుడు ఎంత బాగా నడిపేవారో కదా!"

ఎర్రోల్ వింతగా చూశాడు.

"నోలీనా? ఆ బండి ఆమె జన్మలో ఎక్కలేదమ్మా. చూస్తేనే వణికిపోయేది."

వ్యాను ఇంజను ఆపాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మా అమ్మాయి మార్నీ కూడా నీలాగే గొర్రెల కాపరి, ఇరవై రెండేళ్లకే అలాంటి బండి వెనక్కి తిరగబడి దాని కింద పోయింది; ఆ ఒక్క క్షణంలో పిల్ల ఏం చేసి ఉంటే బతికేదని నోలీన్ కనిపించిన ప్రతి మనిషినీ అడిగింది, ఆ బండి గురించి ఆమె నేర్చుకున్నది అదొక్కటే."