సందులేని కుట్టు

ఆ పేచీల పెద్దమ్మ మీద పరుపులాయనకు తొలిచూపులోనే ఒళ్ళు మండింది.

పరుపుకి తొడుగు కావాలంది. నేత దగ్గరగా ఉన్న గుడ్డే కావాలంది. తీరా కుట్టాక వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, విప్పమంది.

"నిక్షేపంలా ఉంటే ఎందుకమ్మా విప్పడం?"

"సూదిమొనంత సందు కూడా ఉండకూడదు నాయనా."

"ఏం, ఇందులో నీళ్ళు పోస్తారా?"

"పోస్తాలే. మళ్ళీ కుట్టు."

అతను పళ్ళు నూరుతూ కుడుతుంటే ఆవిడ వెనకగదిలోకి వెళ్ళింది. అతను దూది ఏకేది ఆ గదిలోనే. కూతురి మంచమూ అక్కడే. తల్లి మిల్లుకెళ్ళింది. పిల్ల మోకాళ్ళు పట్టుకుని ఎగశ్వాస తీస్తోంది. ఆవిడ పక్కన కూర్చుని వీపు నిమిరింది.

ఆయాసం వచ్చినప్పుడల్లా అతను పిల్ల పరుపు విప్పి, ఆ పాత దూదే మళ్ళీ ఏకి, ఇంకాస్త మెత్తగా కూరేవాడు. తండ్రిగా అతనికి తెలిసిన వైద్యం అదొక్కటే.

పని పూర్తయింది. ఆవిడ డబ్బిచ్చింది గాని తొడుగు ముట్టుకోలేదు.

"ఇది నీ పిల్ల పరుపుకే. ఆ పాత దూదిలో కంటికి ఆనని పురుగులుంటాయి. మన ఒంటి పొట్టు తిని బతుకుతాయి. వాటి మురికే పిల్ల ఊపిరి పట్టేస్తోంది. పరుపుని దీంట్లో మూసెయ్యి. దుప్పట్లు సలసల కాగే నీళ్ళలో వెయ్యి. దూది బయట ఏకు."

"నా పరుపులో పురుగులా?" అతను లేచాడు. "తాతల నాటి పని మాది! నా బేరం చెడగొట్టమని ఎవరు పంపారు నిన్ను? దిగు, ముందు మెట్లు దిగు!"

వీధంతా చూస్తుండగా ఆవిడ తొడుగు అక్కడే వదిలి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే పిల్ల పెదాలు నీలం తిరిగాయి.

ఆసుపత్రి నుంచి తెచ్చాక, ఇక దిక్కుతోచక అతను ఆ తొడుగు వేశాడు. దుప్పట్లు మరగబెట్టాడు. దూది పెరట్లోకి చేర్చాడు.

కొన్నాళ్ళకి ఒక ఉదయం నిద్రపోతున్న పిల్ల గుండె మీద చెవి ఆన్చాడు. ఈల లేదు, గురక లేదు. గాలి వస్తోంది, పోతోంది, అంతే.

అతని ఒళ్ళు జలదరించింది. తను ప్రేమగా కూరిన మెత్తదనంలో ఎన్ని వేల ప్రాణులో! వాటన్నిటికీ అడ్డం పడింది ఒక్క కుట్టు!

"ఎవరో మహాతల్లి, కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి. ఎక్కడని వెతకను?" అన్నాడు పైకే.

పిల్ల కళ్ళు తెరిచింది.

"అమ్మమ్మ నాన్నా. చెబితే నువ్వు కుట్టవంట, చెప్పొద్దంది."

కూతురి పెళ్ళికి రానన్న పంతంతో ఇన్నేళ్ళూ అల్లుడికి ముఖమే చూపించని అత్తగారు తొలిసారి గడప తొక్కింది, ఆ అల్లుడే మెట్లు దింపేశాడు.