రోడ్డు దాటి వచ్చే తాతయ్య

ఆదివారం బడిలో పాఠం మధ్యలో ఒక పిల్ల లేచి నిలబడింది.

“టీచర్, మనల్ని ప్రొటెస్టెంట్లని ఎందుకంటారు?”

టీచరమ్మ తడబడింది. “పూర్వం పోపుగారికి ఎదురు తిరిగాం కాబట్టి.”

“ఎందుకు తిరిగాం?”

“వాళ్లు చెడ్డవాళ్లు కాబట్టి. కూర్చో.”

పిల్ల కూర్చోలేదు. వెనక బెంచీ వైపు తిరిగింది. “నువ్వు చెప్పు తాతయ్యా!”

టీచరమ్మకి ఒళ్లు మండిపోయింది.

చేతికర్రతో వచ్చి వెనక కూర్చునే ఆ ముసలాయన ఎవరో ఎవరికీ తెలియదు. మన పాటలు పాడడు. అయినా పిల్లలు ఆయన్నే చుట్టేస్తారు. ఏళ్ల తరబడి గొంతు చించుకున్న తనకేమో ఆవలింతలు!

“చెడ్డా మంచీ కాదు తల్లీ,” అన్నాడాయన. “ఐదొందల ఏళ్ల కిందటి మాట. రాజుల సభలో ఎక్కువమంది పాత పద్ధతే ఉండాలన్నారు. కొద్దిమంది లేచి, ‘ఇది చేతులెత్తి తేల్చే విషయం కాదు. దేవుడి ముందు ఎవరికి వాళ్లమే జవాబు చెప్పుకోవాలి’ అన్నారు. అలా లేచి నిరసన చెప్పడాన్నే ‘ప్రొటెస్ట్’ అంటారు. అందుకే ఆ పేరొచ్చింది.”

“భయం వెయ్యలేదా వాళ్లకి?”

“వేసే ఉంటుంది. వణుకుతూనే నిలబడి ఉంటారు.”

పిల్లలంతా లేచి కాళ్లు వణికిస్తూ ఒకటే నవ్వు.

బడి వదిలాక టీచరమ్మ గుమ్మంలో ఆయనకి అడ్డం నిలబడింది.

“ఇక్కడ పాఠం చెప్పే అధికారం సంఘం నాకిచ్చింది. మీకెవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వకపోయినా లేచి చెప్పారనే కదా టీచర్, మనకా పేరొచ్చింది?” పిల్ల అమాయకంగా అడిగింది.

టీచరమ్మ మొహం మాడిపోయింది.

“తప్పు నాదేలేమ్మా. ఇక రాను,” అని ఆయన మెల్లగా రోడ్డు దాటాడు.

తర్వాతి ఆదివారాల్లో ఆ బెంచీ ఖాళీ. ఆవలింతలు మాత్రం పోలేదు.

ఒకరోజు ఆ పిల్ల మళ్లీ ఏదో అడిగింది. టీచరమ్మ కళ్లు తనకి తెలియకుండానే వెనక బెంచీని వెతికాయి.

బడి వదలగానే తనూ రోడ్డు దాటింది. ఎదుటి కతోలిక గుడి గేటు పక్కన తోటమాలి కంచె కత్తిరిస్తున్నాడు.

“చేతికర్రతో ఒక తాతయ్య ఇటు వస్తుండేవారు, చూశారా? పిల్లలు అడుగుతున్నారు... నేనే అడుగుతున్నాను.”

“మొన్ననే సమాధి చేశామమ్మా. మీరేనా ఆ టీచరమ్మ? ఎంత ఓపిగ్గా చెబుతుందో అని మా దగ్గర తెగ మురిసిపోయేవారు.”

“ఇంతకీ... ఎవరాయన?”

తోటమాలి వింతగా చూశాడు.

“మా పెద్ద ఫాదరుగారమ్మా. ఈ గుడిలో పూజ ముగించి, ఫాదర్లు వేసుకునే పొడుగాటి అంగీ విప్పేసి, మీ పాఠానికి ఆత్రంగా వెళ్లేవారు.”