బండి ఎవరిది?

తాళం పోయింది.

రోస్మియాతి జేబులు దులిపింది. కూరల బుట్టలు బోర్లించింది. చేపల దుకాణాల మధ్య బురదలో వంగి వెతికింది. లేదు.

అది ఉత్త తాళం కాదు, అగ్గిపెట్టెంత రిమోట్. అది దగ్గరుంటేనే స్కూటర్ మీట తిరుగుతుంది. లేకపోతే బండి ఇనుపముద్ద. మకస్సార్ నగరం గల్లీల్లో ఆ బండి మీద కూరలూ చేపలూ తిప్పి అమ్మితేనే ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

తన సంతలో నీళ్లు నిలిచాయని ఈ కొత్త సంతకు రావడమే తప్పయింది.

సీటు వేడెక్కకుండా ఎవరో అట్టముక్క కప్పారు. విసిరి పారేసింది. వచ్చేటప్పుడు కనపడని పార్కింగ్ వాళ్లు, ఇలా అట్ట కప్పి, పోయేటప్పుడు మాత్రం డబ్బుల కోసం ఈల వేస్తూ ఊడిపడతారు. వాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట.

పినతల్లి కొడుకు తాజుద్దీన్‌కి ఫోన్ చేసి, బండి తోసుకుంటూ గేటు దాకా వచ్చింది.

ఎండలో నిలబడ్డ ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. నారింజ రంగు చొక్కా, మెళ్లో ఈల.

"బండి ఎవరిదమ్మా?"

"నాదే."

"మరి తోసుకుపోతున్నావేం?"

"తాళం పోయింది."

"అయితే బండి కాగితం చూపించు."

రోస్మియాతి హ్యాండిల్ మీద పట్టు బిగించింది.

ఆరేళ్ల కిందట మొగుడూ ఇదే అడిగాడు, కాగితం మీద పేరెవరిదని. ఆమె కష్టంతో కొన్న బండెక్కి, ఆమెనే వదిలేసి పోయాడు. ఈ బండి కాగితం మీద ఉన్నది ఆమె పేరే. అది ఇప్పుడు ఆమె సంచిలోనే ఉంది.

"నువ్వేమైనా పోలీసువా?"

"కాదమ్మా. చూపించి తీసుకెళ్లు."

"చూపించను. నా బండి నాదేనని ఈల ఊదుకునేవాడికి రుజువు చేసుకునే ఖర్మ నాకు పట్టలేదు."

"ఒక్కసారి చూపిస్తే..."

"చచ్చినా చూపించను."

అంతలో తాజుద్దీన్ వచ్చాడు. ఆమె బండెక్కి కూర్చుంది. అతను తన బండి మీద నుంచే కాలు చాచి ఆమె బండిని నెడుతూ వేగం పెంచాడు. రెండు బళ్లూ రోడ్డెక్కాయి. వెనక ఈల మోగుతూనే ఉంది. ముసలాయన కొంత దూరం పరుగెత్తి ఆగిపోయాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. ఆరేళ్ల కిందట అనలేకపోయిన మాట ఇవాళ అన్నందుకు కడుపు నిండినట్టయింది.

షెడ్డులో మెకానిక్ ముందుగా అడిగింది బండి కాగితమే. తీసి ఇచ్చింది. కొత్త రిమోట్‌తో పాటు బండిలో దాన్ని గుర్తుపట్టే పెట్టె కూడా మార్చాల్సి వచ్చింది. ఆ ఖర్చుకి చెవి దుద్దులు పోయాయి.

"పాతది దొరికినా ఇక పనికిరాదక్కా," అన్నాడు మెకానిక్. "ఇన్నాళ్లూ అది రెండు బారల్లో ఉంటే చాలు, ఎవడు మీట తిప్పినా బండి స్టార్టయ్యేది."

రెండు రోజులాగి, పనిగట్టుకుని ఆ సంతకే వెళ్లింది. ముసలాయన ముందు బండిని రయ్యిమనిపించాలి.

గేటు దగ్గర ఎవరూ లేరు. పక్కన కాఫీ బడ్డీ నడిపే సౌదా ఆ బండినీ బుట్టల్నీ తేరిపార చూసింది.

"ఈ బండి నీదా?"

"నాదే."

"నీకోటి ఇవ్వాలి. కాగితం చూపించు. చూడందే ఇవ్వద్దని పెద్దాయన మరీ మరీ చెప్పాడు."

రోస్మియాతి కాగితం తీసింది.

సౌదా పంచదార డబ్బా వెనక నుంచి రిమోట్ తీసింది.

"నీ బండి పక్కనే దొరికిందట. ఇది పట్టుకుని బండి దగ్గరుంటే ఎవడైనా ఎక్కి పోతాడని, పొద్దుటి నుంచీ నీడ వదిలేసి ఇక్కడ ఎండలో నిలబడ్డాడు. ఒకడు నాదేనంటూ వచ్చాడు కూడా. కాగితం అడిగేసరికి జారుకున్నాడు."

ఆ రోజు ఈ గేటు దగ్గర, రిమోట్ ఆయన దగ్గరే ఉండగా, వాదించడం మానేసి ఒక్కసారి మీట తిప్పి ఉంటే బండి స్టార్టయ్యేదే. రోస్మియాతి గేటు వైపు చూసింది.

"ఆయనేడీ?"

"తన కాపలాలో బండి పోయిందని సిగ్గుపడి, చొక్కా, ఈల అప్పజెప్పి వాళ్ల దీవికి వెళ్లిపోయాడు. పోన్లే, నీ బండి నీకు దొరికింది, అంతే చాలు."

సౌదా రిమోట్‌ని ఆమె చేతిలో పెట్టింది.

"ఎవత్తో దొంగది తోసుకుపోతుంటే ఆపలేకపోయానని, ఆ బండిగలవాళ్లు వస్తే తనను క్షమించమని చెప్పమని, ఇది నాకిచ్చి వెళ్లాడమ్మా."