ఒళ్లో పెట్టుకున్న పాట

“స్విచ్చి కట్టీకండి బాబూ! ముందు ఆగమని కంప్యూటర్‌కి సెప్పాల!” అని అరిచాడు రాంబాబు.

ఏసురాజు స్విచ్చి మీది చెయ్యి ఠక్కున తీసేశాడు. నౌపడ రైల్వే క్వార్టరు అప్పటికే బోసిపోయింది. మంచాలూ బీరువా వ్యానెక్కేశాయి. ఇక మిగిలింది ఈ పాత కంప్యూటరే. విజయనగరం బదిలీ అయినప్పట్నుంచీ ఏసురాజుకి దీని బెంగే. టెక్కలి నుంచి మెకానిక్కు రాంబాబుని పిలిపించిందీ ఇందుకే.

“లోపల పళ్లేలు తిరుగుతుంటాయండి. మీద గ్రామఫోను ముల్లులాంటిది ఉంటాది. తిరిగేటప్పుడు కుదిపితే గీత పడిపోద్ది. పద్ధతిగా ఆపితే ముల్లు పక్కకెళ్లి పడుకుంటాది. ముందో కాపీ తీసి పెన్‌డ్రైవులో ఏసిచ్చేస్తాను. దారిలో ఏటైనా అయినా బయముండదు.”

“కాపీ వద్దు” అన్నాడు ఏసురాజు. “చర్చి క్వయిరు నడిపినోణ్ని. కేసెట్టులోంచి కేసెట్టుకి ఎక్కిస్తే గొంతు పల్చబడిపోద్ది. నాకు తెల్దేటి?”

“ఇది కేసెట్టు కాదండి బాబూ…”

“వద్దన్నానా!”

గుమ్మం దగ్గర నిలబడ్డ సత్యవతి తల తిప్పుకుంది. అంత ఉక్కలోనూ మెడచుట్టూ కొంగు కప్పుకునే ఉంది.

ఆ కంప్యూటర్లో ఏసురాజు దాచుకున్నది ఒకే ఒక్క పాట. ఓ గుడ్‌ఫ్రైడే నాడు క్వయిరులో ముందు నిలబడి పాడిన పాట. చర్చంతా ఊపిరి బిగబట్టి విన్నది. ఏసురాజు పెళ్లాడింది ఆ గొంతునే. ఆ మాట దాచుకోకుండా ఆయనే అందరితోనూ చెప్పేవాడు. తర్వాత కేన్సరొచ్చింది. ఏసురాజుకి అక్కడితో అంతా అయిపోయింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేముందు ఆ పాట పెట్టుకుని కళ్లు తుడుచుకుంటాడు. సత్యవతి వంటింట్లోంచి వింటుంది. ఆ పాటలోని మనిషంటే ఆమెకి ఒళ్లు మంట. వండి పెట్టేది తను. బట్టలుతికేది తను. జ్వరమొస్తే పక్కన కూచునేది తను. మొగుడి కన్నీళ్లు మాత్రం దానికి! తనకేసి ఆయన తిన్నగా చూసి ఎన్నాళ్లయిందో. పాట అయ్యాక గరిటెతో కంచం మీద టంగుమని కొట్టి టిఫినుకి పిలుస్తుంది. ఆ చప్పుడుకి ఏసురాజు మొహం చిట్లిస్తాడు.

రాంబాబు కంప్యూటర్ని పద్ధతిగా ఆపాడు. పెట్టె విప్పి హార్డ్‌డిస్కు బయటికి తీశాడు. వెండిరంగు కవర్లో పెట్టి అతికించాడు.

“దీనిమీద మెత్తగా ఏదైనా సుట్టండి.”

ఏసురాజు ట్రంకుపెట్టె అడుగు నుంచి తెల్ల పెళ్లిచీర తీశాడు. సత్యవతి గుండె భగ్గుమంది. ఆయన ఆమెకేసి చూడనైనా చూడలేదు. చీరని మడతల మీద మడతలుగా చుట్టి, పసిబిడ్డని అందించినట్టు ఆమె చేతుల్లో పెట్టాడు.

“ఒసే సత్తెవతీ, ఒళ్లోంచి దించకు. కుదుపొస్తే రెండు సేతుల్తోనూ పైకెత్తి పట్టుకో. ఇది పోతే నాకింకేటీ మిగల్దు.”

సత్యవతి తలూపింది. ఇంకేటీ మిగలదట! ఎదురుగా ఉన్న మనిషితోనే ఆ మాటన్నాడు.

వ్యాన్లో డ్రైవరు ఎర్రన్న పక్కన ఏసురాజు, కిటికీ వైపు సత్యవతి. నరసన్నపేట దాటేసరికి ఏసురాజుకి కునుకు పట్టింది. మడపాం వంతెన వచ్చింది. కింద వంశధార ఎండకి మెరుస్తోంది.

సత్యవతి మూట పట్టుకున్న చెయ్యి కిటికీలోంచి బయటికి చాపింది. వేళ్లు వదిలితే చాలు. ఆదివారాల ఏడుపు వదిలిపోతుంది. అప్పుడైనా ఇంట్లో ఇంకో మనిషి ఉందని ఆయనకి కనిపిస్తుందేమో.

“అమ్మా! సెయ్యి లోపలెట్టుకోండి, పిట్టగోడ తగుల్తాది!” అన్నాడు ఎర్రన్న.

వంతెన సగమయింది. ముప్పాతికయింది. వేళ్లు విడవలేదు. పళ్లు కొరుక్కుంటూ మూట లోపలికి లాక్కుంది. దాన్ని చంపడానికి ఆమెకి చేతులు రాలేదు. చెదిరిన చీర మడతలు సర్ది మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

విజయనగరంలో ఆ ఆదివారమే కొత్తింట్లో ప్రార్థన పెట్టుకున్నారు. పాస్టరు ఎలీషా గారు, చుట్టుపక్కల చర్చి కుటుంబాలవాళ్లు వచ్చారు. అందరూ కొత్తవాళ్లే. డిస్కుని మళ్లీ పెట్టెలో బిగించి ఉంచాడు ఇక్కడి మెకానిక్కు. ప్రార్థన అవగానే ఏసురాజు మీట నొక్కాడు.

పాట వచ్చింది. ఒక్క గీత పడలేదు.

ఏసురాజు రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఎవరండీ పాడింది? ఏటి గొంతండీ!” అంది పక్కింటి రూబీ.

“నా బార్యమ్మా” అన్నాడు ఏసురాజు. “ఆ గొంతు ఇంక రాదు.”

రూబీ “అయ్యో” అనుకుంది. టీ కప్పులు అందిస్తున్న సత్యవతి దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని, జాలిగా అంది: “ముందావిడ పాట పెట్టుకుని ఆయనలా ఏడస్తంటే మీరెలా ఓర్సుకుంటన్నారమ్మా?”

ఏసురాజుకి ఆ మాట వినపడింది. కాదనలేదు.

సత్యవతి మెడ మీది కొంగు కింద, డాక్టర్లు స్వరపేటిక తీసేసి వదిలిన రంధ్రం మీద వేలు ఆనించుకుని, ఆ గుడ్‌ఫ్రైడే నాడు తను పాడిన పాట రెండో చరణాన్ని చప్పుడు లేకుండా పెదాలతో అందుకుంది.