ఇటుక రంగు వాపు

“ఇచ్చేసినాడు! ఇంకో వారం సెలవు ఇచ్చేసినాడు!”

ఫోను పట్టుకుని మునిప్రసాద్ మంచం మీద నుంచి ఒక్క గెంతు గెంతాడు. వాచిపోయిన కాలితోనే గెంతాడు. లోహిత పగలబడి నవ్వింది. ఆ వాపు ఆమె చేతి చలవే.

పెళ్ళికి ముందు ముచ్చటపడి తెప్పించుకున్న ఐషాడో పెట్టె అది. ఇటుక, గోరింట, పండుమిరప, కాఫీగింజ... అన్నీ వెచ్చటి రంగులే. రెప్పలకు వేసుకుంటే రెండు రోజులు ఏడ్చిన మొహంలా ఉంది. అదే మొగుడి చీలమండకు అద్దితే, నిజంగా పడ్డవాడికి కూడా అంత చక్కటి వాపు రాదు! ఫొటో తీసి మేనేజరుకు పంపారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను రోజులు. పెళ్ళికే మూడు రోజులు ఇచ్చి మొహం మాడ్చుకున్న మనిషి, తనైతే ఒక్క పూట సెలవు పెట్టి ఎరగడు.

“రేపే హార్సిలీ హిల్స్ పోదాం లోహీ!”

“ఉండండి, ముందు దీనికి రివ్యూ రాయల్ల. ‘కళ్ళకు దండగ, కాళ్ళకు పండగ’ అని పెడదామా?”

అంతలో గేటు చప్పుడైంది. లోహిత కిటికీలోంచి చూసి బిక్కచచ్చిపోయింది. బత్తాయిల సంచీతో మేనేజరు సుందరరాజు!

“పడుకోండి, పడుకోండి!”

“దొరికితే సెలవే కాదు, ఉద్యోగమే పోతాది” అని గొణుగుతూ మునిప్రసాద్ మంచమెక్కి మూలగడం మొదలుపెట్టాడు.

సుందరరాజు వచ్చి సరాసరి కాళ్ళ దగ్గరే కూర్చున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు.

“ఏమప్పా ప్రసాదూ, పుత్తూరికి పోయి కట్టు కట్టించుకోలేదా?”

“ఎముక విరగలేదు సార్. ఉత్త బెణుకే.”

“బెణుక్కే ఇంత రంగా?”

వేలితో తడిమాడు. వేలు ఇటుక రంగుకి తిరిగింది. దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. వాసన కూడా చూశాడు.

“ఏందమ్మా ఇది?”

లోహితకు అబద్ధం నోటికి రాలేదు. “ఐషాడో సార్. ఈయన తప్పేం లేదు, పూసింది నేనే. సెలవు తీసేసుకోండి సార్, ఉద్యోగం మాత్రం తీసెయ్యద్దండి.”

ఆయన లేచి వెళ్ళి వీధి తలుపు గడియ వేసి వచ్చాడు.

“చెమటకు కారిపోతాదా?”

“పోదు సార్.”

“ఎంతసేపు నిలస్తాది?”

“పొద్దున పూస్తే సాయంత్రం దాకా ఉంటాది సార్.”

“ఫొటోలో ఇంకా ఎర్రగా ఉన్నిందే?”

“అది... పండుమిరప రంగు సార్. ఇప్పుడు కొంచెం చెరిగింది.”

ఒక్కో జవాబూ మెమోలో ఒక్కో వాక్యమై కూర్చుంటుందని లోహితకు అనిపించింది. మునిప్రసాద్ మూలగడం కూడా మరిచిపోయాడు.

సుందరరాజు రుమాలుతో వేలు తుడుచుకుని, గొంతు బాగా తగ్గించాడు.

“రేపు పొద్దున్నే ఆ పెట్టె తీసుకొని మా ఇంటికి రామ్మా, నాకూ ఒక వాపు కావల్ల.”