పెదవుల మాట

"పాసయితివా సామీ?" కొడుకు చెప్పులు విప్పకముందే అడిగింది వల్లియమ్మాళ్.

"పరీక్ష పాసయితినమ్మా. ఇంటర్వ్యూలోనూ నేనే ఫస్టు."

"అట్లయితే బెంగుళూరుకు ఎప్పుడు పోవాల?" విమానాల ఫ్యాక్టరీలో ట్రైనింగని ఆమె అప్పటికే మిల్లు కాలనీ అంతా చాటింది.

"పోయేది లేదమ్మా. మెడికల్‌లో కాదనేసిరి." కోదండరామన్ చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "డాక్టరు నా వెనక నిలబడి పిలిచినాడంట. నాకు వినబడలేదు."

"చాల్లే! నాతో ఇంత బాగా మాట్లాడతా ఉండావు, చెవిటోడివా నువ్వు? ఆ డాక్టరుకే చెవుడు!"

అతను తల వంచుకుని గోడవారన కూర్చున్నాడు. పాలిటెక్నిక్ చదువుకుంటూనే మిల్లులో మగ్గాల మధ్య షిఫ్టు చేశాడు. ఆ మోతలో ఎవరి గొంతూ ఎవరికీ వినిపించదు. అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. తను పనిచేసే ఆ షెడ్డులోనే మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడి వాణ్ణి చేర్పించింది వల్లియమ్మాళే.

ఆమె పొయ్యివైపు తిరిగింది. "కోదండా," అని పిలిచింది. ఇంకొంచెం గట్టిగా పిలిచింది. తిరిగి చూస్తే వాడు వంచిన తల ఎత్తలేదు.

వల్లియమ్మాళ్ వచ్చి ఎదురుగా కూర్చుంది. గడ్డం పట్టుకుని వాడి తల ఎత్తింది. గొంతు బయటికి రానీకుండా, పెదవులు మాత్రం కదిపింది.

'అన్నం తింటావా సామీ?'

"పెట్టమ్మా," అన్నాడు కొడుకు. "చూడు, నీ మాట నాకు బాగానే వినబడతా ఉంది."